చెయ్యి ఎంత లేచింది?



సికిందరాబాదులో మేముండే బన్సీలాల్‌పేటలో ఒక పాత మెట్లబావి ఉన్నది. చాలాకాలం అది మట్టితోనూ చెత్తతోనూ పూడిపోయి ఉండేది. దాన్ని తవ్వి, బాగుచేసి, 2022 డిసెంబరు 5న మళ్ళీ తెరిచారు. ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో జనం దాన్ని చూడటానికి వస్తారు. నేను కూడా అప్పుడప్పుడు వెళ్ళి, పైన ఒక పక్కన కూర్చుని, దిగేవాళ్ళనూ ఎక్కేవాళ్ళనూ చూస్తుంటాను. బడి మానేసిన హెడ్మాస్టరుకు ఇంతకంటె మంచి కాలక్షేపం ఏమున్నది?

అలా చూడగా చూడగా నాకొక సంగతి తెలిసింది. మసక చీకటి పడి ముఖాలు కనపడకపోయినా, నడకనుబట్టి ఎవరు ఎవరో పోల్చవచ్చు. మా మనమరాలు రెండేసి మెట్లు దూకుతుంది. మా వీధి టైలరు కుడిభుజం ముందుకు పెట్టి, గుంపులోకి దూరేవాడిలాగా నడుస్తాడు. మా ఇంటావిడ ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి గాని రెండో మెట్టుకు పోదు. ఆవిడకు ఎడమ మోకాలు నొప్పి.

మనిషి కన్ను ఈ విద్యలో ఎంత గట్టిదో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు ఒకాయన చాలా తమాషాగా నిరూపించాడు. ఆయన పేరు గున్నార్ యోహాన్సన్. 1973లో ఆయన ఒక మనిషి భుజాలకూ, మోచేతులకూ, మణికట్లకూ, తుంటికీ, మోకాళ్ళకూ, చీలమండలకూ చిన్నచిన్న వెలుగుచుక్కలు అమర్చి, చీకట్లో ఫిలిం తీశాడు. తెరమీద డజను చుక్కలు తప్ప మరేమీ కనపడదు. ఆ మనిషి కదలకుండా ఉన్నంతసేపూ చూసేవాళ్ళకు అవి ఉత్త చుక్కలే. అతను ఒక్క అడుగు వేశాడో లేదో, అందరూ, “అరె, మనిషి నడుస్తున్నాడు!” అన్నారు. రెప్పపాటు కాలం చాలింది!

అయితే, కంటికి ఒక లోపం ఉన్నది. అది “ఎవరు?” అంటే చెప్పగలదు. “ఎంత?” అంటే నీళ్ళు నములుతుంది. ఈ లోపం సంగతి నాకు నిరుడు బాగా తెలిసివచ్చింది. ఎలాగో చెబుతాను వినండి.

నిరుడు వేసవిలో ఒకనాటి ఉదయం నేను కాఫీ గ్లాసు అందుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. “ఇదేమిటి?” అనబోయాను. మాట ముద్దముద్దగా వచ్చింది. మా అమ్మాయి నా ముఖం చూసి, మూతి ఒక పక్కకు జారిందని గ్రహించి, క్షణం ఆలస్యం చెయ్యకుండా 108కు ఫోను చేసింది. పిల్లలూ, మూతి జారటం, చెయ్యి పడిపోవటం, మాట తడబడటం—ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనపడినా మీరు కూడా అలాగే చెయ్యాలి. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే, దాన్ని కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటలలోపల ఇవ్వాలి. “కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే” అని కూర్చుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

నేను బతికి బట్టకట్టాను. మూతి సర్దుకున్నది, మాట వచ్చింది. చెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. ముప్ఫై అయిదేళ్ళు ప్రతి ఉదయం నల్లబల్ల పైఅంచున తేదీ వేసి పాఠం మొదలుపెట్టిన చెయ్యి అది! ఇప్పుడు అన్నం ముద్ద నోటిదాకా తేవటానికే ఆపసోపాలు పడుతున్నది.

ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. పక్షవాతంలో చెడిపోయేది చెయ్యి కాదు. చేతిని నడిపే మెదడులో కొంత భాగం రక్తం అందక చచ్చిపోతుంది. చచ్చిన భాగం తిరిగి బతకదు. కాని చుట్టుపక్కల బతికి ఉన్న భాగాలు ఆ పని కొంతవరకు నేర్చుకోగలవు. ఎలా నేర్చుకుంటాయి? మీరు ఎక్కాలు నేర్చుకున్నట్టే! అదే పనిని వందలసార్లు, వేలసార్లు చేయించాలి. ఆ చేయించే విద్యనే ఫిజియోథెరపీ అంటారు.

నాకు ఆ విద్య నేర్పటానికి వచ్చిన అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. ఆమె మొదటిరోజున ఒక పరికరం తీసింది. మీ జామెట్రీ పెట్టెలో ఉండే కోణమానినికి రెండు కాళ్ళు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నది. దానిపేరు గోనియామీటరు. ఒక కాలు ఒంటివెంట, ఒక కాలు చేతివెంట పెట్టి, చెయ్యి ఎన్ని డిగ్రీలు లేచిందో చదువుతారు. చాలా మంచి పనిముట్టు. కాని ఒకే చేతిని ఇద్దరు కొలిస్తే అయిదు డిగ్రీల తేడా రావచ్చు. పైగా, చెయ్యి ఆగి ఉన్నప్పుడే కొలవగలదు, కదిలేటప్పుడు కొలవలేదు.

“మాస్టారూ, ఈ చేతిని ముందుకు చాచి పైకెత్తాలి. పూటకు పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఎన్నిసార్లు చేశారో పుస్తకంలో రాయండి,” అన్నది ఆమె.

“అదెంత పని!” అన్నాను నేను.

మూడు వారాలు గడిచాయి. పుస్తకం నిండా పదులు, పదులు, పదులు. కాని చెయ్యి ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉన్నది. ఆ అమ్మాయికి అనుమానం వచ్చి నన్ను వాళ్ళ వ్యాయామశాలకు రమ్మన్నది. అక్కడ ఒక కెమేరా, దానిపక్కన ఒక పెద్ద తెర ఉన్నాయి. నేను ఎదురుగా నిలబడగానే తెరమీద నా బొమ్మ, దానిమీద చుక్కలు, చుక్కలను కలుపుతూ గీతలూ కనిపించాయి. అచ్చు చిన్నపిల్లలు గీసే పుల్లలమనిషి!

“ఇప్పుడు చెయ్యి ఎత్తండి, మాస్టారూ. ఎంత లేచిందో మీరే చెప్పండి.”

నేను పళ్ళు బిగించి ఎత్తాను. “100 డిగ్రీలు,” అన్నాను ధీమాగా.

తెరమీద భుజందగ్గర 62 అని పడింది. నడుముదగ్గర మరో అంకె వెలిగింది. నా ఒళ్ళు 20 డిగ్రీలు వెనక్కు వాలిందట. కుడిభుజం చెవిదాకా ఎగబాకింది. అంటే, నేను చేతిని ఎత్తటం లేదు. చేతిని కదలనివ్వకుండా నేనే వెనక్కు పడుతున్నాను!

“మీ పిల్లలు పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాసేవారు కదా, మాస్టారూ? మీ చెయ్యి కూడా ఆ పనే చేస్తున్నది. నడుముని చూసి రాస్తున్నది,” అన్నది ఆ అమ్మాయి.

నాకు ఒళ్ళు మండింది. జీవితమంతా పిల్లలకు మార్కులు వేసినవాడికి ఒక పెట్టె మార్కులు వెయ్యటమా! కాని ఆ తెరను కోప్పడి లాభమేమిటి? నాకు చెయ్యి లేచినట్టే తోచింది. లేవలేదు. అదీ సంగతి.

ఇది నా ఒక్కడి తప్పు కాదు. శరీరం స్వభావమే అంత. ఒక దారి మూసుకుపోతే అది అడగకుండానే అడ్డదారి వెతుక్కుంటుంది. కాలిలో ముల్లు గుచ్చుకుంటే మీరు అనుకోకుండానే కుంటుతారు చూడండి, అలాగన్నమాట. ముల్లు తీసేస్తే కుంటు పోతుంది. పక్షవాతంలో అలా కాదు. అడ్డదారిన వెయ్యిసార్లు ఎత్తితే మెదడు ఆ అడ్డదారినే పాఠంగా నేర్చుకుంటుంది. తప్పుగా బట్టీపట్టిన ఎక్కం మాన్పించటం ఎంత కష్టమో నాకు తెలుసు.

మీరు కావాలంటే ఒక పరీక్ష చేసి చూడండి. మీ స్నేహితుడి వీపుమీద రెక్క ఎముక ఉంటుంది గదా, దానిమీద అరచెయ్యి ఆనించి, అతన్ని చేతిని పక్కనుంచి మెల్లగా నెత్తిమీదికి ఎత్తమనండి. మొదట రెక్క ఎముక ఊరకుంటుంది. ఆ తరవాత మీ అరచేతికింద అది కూడా జరగటం మొదలుపెడుతుంది. పూర్తిగా ఎత్తితే 180 డిగ్రీలు. అందులో సుమారు 120 మాత్రమే భుజం కీలుది. తక్కిన 60 రెక్క ఎముక తిరగటంవల్ల వచ్చినవి. బాగున్నవాళ్ళలోనే ఇన్ని భాగాలు కలిసి పనిచేస్తున్నాయంటే, రోగి చేతిలో ఏది పనిచేస్తున్నదో, ఏది దొంగపని చేస్తున్నదో కంటితో విడదీయటం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇంగ్లీషులో దీన్ని మోషన్ ట్రాకింగ్ అంటారు. కదలిక జాడ పట్టటం అన్నమాట. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. ఫ్రాన్సు దేశంలో ఎత్యేన్ జూల్స్ మారే అనే శాస్త్రజ్ఞుడు 1882లో తుపాకీ ఆకారంలో ఒక కెమేరా చేశాడు. తుపాకీ గురిపెట్టి మీట నొక్కితే ఎగిరే పక్షి చావదు సరిగదా, సెకనుకు 12 ఫోటోలు పడతాయి! తరవాత ఆయన మనుషుల మీదికి దృష్టి మళ్ళించాడు. ఒక మనిషికి నెత్తినుంచి పాదాలదాకా నల్ల ఉడుపులు తొడిగి, చేతులవెంట, కాళ్ళవెంట తెల్లని పట్టీలు కుట్టి, నల్లని తెరముందు నడిపించాడు. ఒకే ఫోటో పలకమీద వరసగా బొమ్మలు పడేసరికి మనిషి మాయమైపోయి, తెల్లగీతలు మాత్రం విసనకర్ర పుల్లల్లాగా విచ్చుకుని కనపడ్డాయి. నేను చూసిన పుల్లలమనిషికి ముత్తాత అదేనన్నమాట.

1891లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో బ్రౌనే, ఫిషర్ అనే ఇద్దరు ఇంకో మెట్టు ఎక్కారు. వాళ్ళు ఒక సైనికుడి ఒంటికి వెలిగే గాజుగొట్టాలు కట్టి, చీకట్లో నడిపించి, ఒకేసారి వేరువేరు వైపులనుంచి కెమేరాలతో ఫోటోలు తీశారు. అన్ని కెమేరాలెందుకు? ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించటానికి ప్రయత్నించండి, మీకే తెలుస్తుంది. ఒక్క కంటికి దూరం సరిగా అందదు. రెండు చోట్లనుంచి చూస్తే వస్తువు ఎంతదూరంలో ఉన్నదో లెక్కకట్టవచ్చు. ఆ గొట్టాలు కట్టటానికే గంటలు పట్టింది. ఆ నాలుగు అడుగుల నడకకు లెక్కలు కట్టటానికి నెలలు పట్టింది. అన్నీ చేతిలెక్కలే మరి!

ఆ లెక్కలు ఇప్పుడు కంప్యూటరు రెప్పపాటులో చేస్తున్నది. పెద్ద ప్రయోగశాలలలో రోగి కీళ్ళమీద గోళీలంత బంతులు అతికిస్తారు. మీ బూట్లమీద, సంచీలమీద లైటు పడితే మెరిసే పట్టీ ఉంటుంది చూశారా? ఆ బంతులకు పైపూత దాదాపు అటువంటిదే. చుట్టూ ఉండే కెమేరాలు కంటికి కనపడని పరారుణ కాంతిని వాటిమీదికి పంపి, తిరిగి వచ్చిన మెరుపును సెకనుకు వందసార్లు, అంతకు మించి కూడా పట్టుకుంటాయి. ఒక్కొక్క బంతి కనీసం రెండు కెమేరాలకు కనపడితే చాలు, అది గదిలో సరిగా ఎక్కడున్నదో మిల్లీమీటర్లలో తెలిసిపోతుంది. కాని ఆ గదికి లక్షలు లక్షలు ఖర్చవుతుంది.

ఇది చవక కావటానికి ఆటవస్తువు ఒకటి సహాయం చేసింది! 2010లో మైక్రోసాఫ్టువారు కినెక్ట్ అనే ఆటపెట్టెను అమ్మకానికి పెట్టారు. దాని ముందు నిలబడి చేతులు ఆడిస్తే తెరమీద ఆట నడిచేది. అది గదినిండా పరారుణ చుక్కలు చల్లి, ఆ చుక్కలు ఎలా చెదిరాయో చూసి, మనిషి ఒంట్లో 20 చోట్ల జాడపట్టేది. ఒంటికి బంతులు అతికించే పని లేదు. దాన్ని చూసిన వైద్యులు, “ఇది మా రోగులకు కదా కావాలి!” అనుకున్నారు. 2017లో దాని తయారీ ఆపేశారు గాని, అది చూపిన దారి మూతపడలేదు. ఇప్పుడు మామూలు ఫోను కెమేరాతోనే మనిషి ఒంటిమీద 33 చోట్లను గుర్తుపట్టే లెక్కలు వచ్చాయి. వేలకొద్దీ బొమ్మలు చూపించి, “ఇది మోచెయ్యి, ఇది మోకాలు” అని కంప్యూటరుకు నేర్పారు. అదీ ఒక బడే!

మన దగ్గర కూడా ఈ కృషి జరుగుతున్నది. సంగారెడ్డి దగ్గర కందిలో హైదరాబాదు ఐఐటీ ఉన్నది గదా, 2008లో పెట్టినది, అక్కడి ప్రోత్సాహంతో పైకి వచ్చిన బీఏబుల్ హెల్త్ అనే సంస్థ ఆర్మేబుల్ అనే పరికరం తయారుచేసింది. పక్షవాతం వచ్చినవారు దానితో చేతిని కదుపుతుంటే ఎదురుగా తెరమీద ఆట నడుస్తుంది. చెయ్యి ఎంతమేరకు కదిలిందో లెక్క పడుతూ ఉంటుంది. ఆట ఎందుకంటారా? “వందసార్లు చెయ్యి కదుపు” అంటే ముసలివాళ్ళు కూడా మొండికేస్తారు. ఆటలో పాయింట్లు వస్తాయంటే నూటపదిసార్లు కదుపుతారు. నా సంగతి నాకు తెలియదా?

ఇక మా ఇంటావిడ మోకాలి సంగతి. ఆవిడకు కూడా మోకాలి వ్యాయామాలు చెప్పారు. ఆవిడను కెమేరాముందు నిలబెడితే అది తికమకపడింది. చీర కుచ్చిళ్ళ వెనక మోకాలు ఎక్కడున్నదో దానికేం తెలుస్తుంది? అప్పుడు ఆ అమ్మాయి అగ్గిపెట్టెలంత బిళ్ళలు రెండు తెచ్చి, ఒకటి తొడకూ, ఒకటి పిక్కకూ కట్టింది. ఫోను అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది గదా? ఫోనులో ఆ తిరుగుడు కనిపెట్టే అవయవాలే ఈ బిళ్ళల్లోనూ ఉంటాయి. బస్సు బ్రేకు వేస్తే ముందుకు తూలతాం, మలుపు తిరిగితే పక్కకు ఒరుగుతాం. బిళ్ళలు అటువంటి తూలుడునూ తిరుగుడునూ కొలిచి, తొడ ఎంత వంగింది, పిక్క ఎంత వంగింది అని చెబుతాయి. ఆ రెంటి తేడాయే మోకాలి కోణం. చీర అడ్డం కాదు, చీకటి అడ్డం కాదు. కాని చాలాసేపు వాడితే వాటికి చిన్నచిన్న పొరపాట్లు పోగుపడతాయి. కళ్ళకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెడుతూ మైదానం దాటేవాడు కాస్తకాస్త పక్కకు పోయినట్టే అవీ పోతాయి. మధ్యమధ్య సరిచేస్తుండాలి.

బల్లపరుపు నేలమీద నడవాలంటే మోకాలు సుమారు 60 డిగ్రీలు వంగితే చాలు. మెట్లు ఎక్కిదిగటానికి 80, 90 కావాలి. గొంతుక్కూర్చోవాలంటే 130కి పైగా వంగాలి. మా ఆవిడ మోకాలు 74 దగ్గర ఆగిపోతున్నది. అందుకే ఇంట్లో చక్కగా తిరిగే మనిషి బావి మెట్లదగ్గర చిన్నపిల్ల అయిపోతున్నది. ఏళ్ళ తరబడి పక్కనే నడిచాను గాని, ఈ సంగతి నాకు ఆ అంకె చెప్పేదాకా తట్టలేదు.

అలా అని యంత్రానికి అన్నీ తెలుసుననుకోకండి. 74 దగ్గర మోకాలు ఎందుకు ఆగిందో అది చెప్పదు. నొప్పివల్లనా? భయంవల్లనా? బిగుసుకుపోవటంవల్లనా? ఆ అమ్మాయి మా ఆవిడ ముఖం చూసి, మోకాలిమీద చెయ్యి వేసి, “భయపడుతున్నారు, అమ్మా. నేను పట్టుకున్నాను, వంచండి,” అన్నది. మరో ఆరు డిగ్రీలు వంగింది! ఆ ఆరు డిగ్రీలూ ఏ కెమేరా వంచగలదు? ఇంకొక మాట. ఇంట్లో కెమేరా పెట్టేముందు, ఆ బొమ్మలు ఎక్కడికి పోతాయి, ఎవరు చూస్తారు అని అడగటం రోగి హక్కు. నేను అడిగాను. బొమ్మలు ఉంచరనీ, చుక్కల లెక్కలు మాత్రమే ఉంచుతారనీ తెలుసుకున్నాకనే ఒప్పుకున్నాను.

అన్నీ చెప్పి ఒకటి దాచటం బాగుండదు. నా పుస్తకంలోని పదులన్నీ నిజం కావు. మధ్యాహ్నంపూట చాలాసార్లు ఆరుతో ఆపి పది అని రాశాను. ఒకటి రెండు రోజులు అసలు చెయ్యకుండానే రాశాను. దొంగ హాజరు వేసిన కుర్రాళ్ళను బెంచీ ఎక్కించినవాణ్ణి నేను! ఆ మూడు వారాలూ వృథా అయ్యాయి. పక్షవాతం వచ్చిన మొదటి నెలల్లోనే మెదడు ఎక్కువ చురుకుగా నేర్చుకుంటుంది గనక, ఆ మూడు వారాలు మామూలు మూడు వారాలు కావు. ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పేశాను. ఆమె ఏమీ అనలేదు. పుస్తకం తీసుకుని పక్కన పెట్టి, మా మనమరాలి ఫోనులో లెక్కపెట్టే ఏర్పాటు చేసి వెళ్ళింది.

ఇప్పుడు మా మనమరాలే నా హెడ్మాస్టరు. రోజూ సాయంత్రం ఫోను బల్లమీద నిలబెట్టి, నన్ను గోడకు వీపు ఆనించి నిలబెడుతుంది. వీపు గోడనుంచి విడివడితే ఫోను “టింగ్” మంటుంది. “తాతయ్యా, కాపీ!” అని ఇది అరుస్తుంది. ఆ ఎత్తటం లెక్కలోకి రాదు. వారానికి ఒకసారి నా చెయ్యి అందినచోట గోడమీద సుద్దతో గీతగీసి తేదీ వేస్తుంది. ఇప్పటికి పదకొండు గీతలున్నాయి. నాలుగోది మూడోదానికంటె కిందికి ఉన్నది. ఆ వారం నాకు జ్వరం. దాన్ని చెరిపెయ్యమని బతిమాలాను గాని అది వినలేదు.

నిన్న కొలిస్తే, ఒళ్ళు వంచకుండా 112 డిగ్రీలు వచ్చింది. గోడకు తగిలించిన దాని చిన్న నల్లబల్లమీద కింది వరస నుంచి నడిమి వరసదాకా నేనే రాస్తున్నాను. పైఅంచు అందాలంటే ఇంకా 20 డిగ్రీలు కావాలి. అందుకని ప్రస్తుతం తేదీ మా మనమరాలే వేస్తున్నది.